సీసాలో కోన నీళ్లు

ఒకరు మోసుకొచ్చిన నీళ్లతో ఇంకొకరి మొక్కు తీరుతుందా అన్న సందేహం పద్దెనిమిదేళ్లుగా నాలో ఉంది. గుడిలో పూజారిగారిని అడుగుదామని రెండుసార్లు దగ్గరదాకా పోయాను. ఒకసారి వెనక నుంచి జనం తోసుకొచ్చారు, ఇంకోసారి మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఇది దేవుణ్ణి అనుమానించడం కాదు. నరసింహస్వామి మీద నా నమ్మకం చిన్నప్పటి నుంచి గింజంత కూడా తగ్గలేదు. నా అనుమానమంతా ఆయనకూ నాకూ మధ్యలో ఉన్న సీసా మీదే.

మా ప్రత్యూషకు రెండేళ్లప్పుడు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. నెల్లూరు ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాం. ఏడో రోజు మంచం పక్కన నేల మీద కూర్చుని పెంచలకోన స్వామికి మొక్కుకున్నాను. బిడ్డ లేచి నడిస్తే, గుడి దాటి, కొండెక్కి, జలపాతం దాకా నా కాళ్లతో నేను నడిచొచ్చి ఆ ధార కింద తల తడుపుకుంటానని. తలనీలాలు మొక్కలేదు, నిలువెత్తు బెల్లం మొక్కలేదు. ఎందుకో ఆ నీళ్లే గుర్తొచ్చాయి. మాది ఇందుకూరుపేట దగ్గర, సముద్రపు హోరు వినపడే ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక మా బోర్లలో నీళ్లన్నీ ఉప్పెక్కాయి. తాగే నీళ్లు క్యానులతో కొనుక్కుంటాం. ఎవరూ కొనకుండా, ఎవరూ తోడకుండా కొండ మీద నుంచి పడే తియ్యటి నీళ్ల కంటే గొప్పది ఆ రోజు నాకు ఇంకేదీ తోచలేదు.

ఏటా కార్తీకంలో ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదీ వ్యాన్ మాట్లాడుకుని కోనకు పోతాం. దర్శనం అయ్యాక మగవాళ్లు కొండెక్కుతారు. ఆడవాళ్లం కింద చెట్ల నీడన మూడు రాళ్లు పెట్టి పొంగలి, వంకాయ కూర వండుతాం, సంచుల మీదికి దూకే కోతులను అదిలిస్తూ ఉంటాం. వాళ్లు దిగొచ్చేటప్పుడు సీసాతో ధార నీళ్లు తెచ్చి మా నెత్తిన చల్లుతారు. దాంతో మేమూ మునిగినట్టే లెక్క. మా అత్త వెంకటశేషమ్మ కాపురానికి వచ్చేనాటికే ఇంట్లో ఉన్న పద్ధతి ఇది.

బిడ్డ కోలుకున్న ఏడే నేను మొక్కు సంగతి మా ఆయన మాల్యాద్రికి చెప్పాను. "పైన రాళ్లు పాచి పట్టి ఉంటాయే. నువ్వు జారి నడుం విరగ్గొట్టుకుంటే వంటెవరు చేస్తారు?" అన్నాడు. తడిసిన చీరతో అంతమంది ముందు దిగి రావడం మన ఇంట్లో లేదని అత్త అంది. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా మరిది చంద్రమౌళి, "నీకు ఆయాసం వదినా, నీ పేరు చెప్పి నేనొక మునక ఎక్కువ వేస్తాలే" అన్నాడు. ఆ తర్వాత ఏటా ఇదే మాట కాస్త అటూ ఇటూగా. నాకు ఆయాసమంట. ఇరవై అయిదు కేజీల మేత బస్తా మా రొయ్యల గుంట గట్టు మీద భుజాన వేసుకుని నడిచేది ఎవరు? రోజుకు నాలుగుసార్లు మేత చల్లి, ట్రే పైకెత్తి రొయ్య ఎంత తిన్నదో చూసేది ఎవరు? గుంట మా ఆయన పేరున ఉంది. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరన్నా అడిగితే, "ఏముంది, ఇంట్లోనే ఉంటది" అంటాడు. అనేటప్పుడు ఆయన గొంతులో చెడ్డతనం కూడా ఉండదు. నిజంగా అలాగే అనుకుంటాడు.

పోయిన ఏడు కూడా నేను తలవంచి నిలబడ్డాను. మా ఆయన సీసా మూత తీసి నెత్తిన చల్లాడు. నీళ్లు నుదుటి మీదుగా జారి పెదవి మీదికి వచ్చాయి. ఉప్పగా ఉన్నాయి. చెమటేమో అనుకున్నాను. సీసాలో మిగిలిన నీళ్లు అరచేతిలో పోసుకుని తాగి చూశాను. అది మా ఊరి బోరు నీళ్ల రుచి. ఇరవై రెండేళ్లుగా ఆ నీళ్లతో అంట్లు తోముతున్నాను, స్నానం చేస్తున్నాను, నోరు పుక్కిలిస్తున్నాను. ఆ రుచి నేను పొరబడను. చేతులు కడుక్కోవడానికి ఇంటి దగ్గర బోరు నీళ్లు పట్టుకొచ్చిన క్యాను వ్యాన్‌లో ఉంది. దాని మూత బిగించి లేదు.

ఇంటికొచ్చి, అన్నం పెట్టి, అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "పైన పట్టడం మర్చిపోయినా. కిందికొచ్చినాక గుర్తొస్తే క్యానులో పట్టినా. నీళ్లు నీళ్లే గదా."

ఎన్నేళ్లుగా ఇలా అని అడిగితే, ఎవరు గుర్తుపెట్టుకున్నారులే అన్నాడు, మజ్జిగ అందుకుంటూ.

ఆ ఏడాదంతా గట్టు మీద నడుస్తూ అదే ఆలోచించాను. ఆయన మోసం చెయ్యాలని చెయ్యలేదు. అట్లా చేసి ఉంటే బాగుండేదేమో, నా మొక్కు ఆయనకు ఒక్కసారన్నా గుర్తొచ్చిందని అనుకునేదాన్ని. పేకముక్కలు మర్చిపోడు. ఫోను చార్జరు మర్చిపోడు. నా బిడ్డ ప్రాణానికి నేను ఒప్పుకున్న మాట మాత్రం, అది ఆయన బిడ్డ కూడా, ఖాళీ సీసాలో వేసుకుని పైకి పోయి ఖాళీగానే దిగొచ్చాడు. స్వామి ఇన్నేళ్లు ఏమనుకుని ఉంటాడు? ఈమె మాటిచ్చి తప్పిందనా? లేక ఎదురుచూస్తూనే ఉన్నాడా?

ఈ ఏడు కార్తీకం చివరి ఆదివారం కోనకు వచ్చాం. ముందు మూడు రోజులు వాన పడింది, ధార హోరు గుడి దగ్గరికే వినపడుతోంది. దర్శనం అయ్యింది. పొయ్యి వెలిగించి పొంగలికి బియ్యం, పెసరపప్పు పోశాను. మగవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకున్నారు. మా ఆయన ఎప్పటిలాగే, "సీసా యాడుంది?" అని అడిగాడు. నేను సీసా ఇవ్వలేదు. గరిటె ఇచ్చాను.

"పొంగలి ఉడుకుతా ఉంది. అడుగంటకుండా కలబెడతా ఉండండి. ఉప్పు ఇంకా వెయ్యలేదు. నేనూ ప్రత్యూషా పైకి పోయొస్తాం."

ఆయన గరిటె వైపు, నా వైపు చూశాడు. "ఏందే, ఇదేం కొత్త?"

"కొత్త కాదు. పద్దెనిమిదేళ్ల నాటిది."

చంద్రమౌళి నవ్వాడు. "వదినకు ఈ ఏడు ఆయాసం తగ్గిందన్నా." వాడి పెళ్లాం వాణి కూర తరుగుతూ తల ఎత్తకుండానే అంది, "మీరు కోతుల్ని చూసుకోండి. సంచులు ఆడ ఉండాయి." ప్రత్యూష నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

మా ఆయనకు ముఖం ఎర్రబడింది. నలుగురూ చూస్తున్నారు, పక్కన వండుకునే వాళ్లు కూడా. "అమ్మా, చెప్పు నీ కోడలికి," అన్నాడు. అత్త చాప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది. అప్పటికే నేను చెప్పులు విడిచి రెండడుగులు వేశాను. "మే, ఇట్రా," అని పిలిచింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె మాట కాదని ఈ ఇంట్లో నేను ఎప్పుడూ అడుగు వెయ్యలేదు. వెనక్కి పోతూనే మనసులో అనుకున్నాను, ఈసారి కాదంటాను, కాళ్లకు దండం పెట్టి మరీ కాదంటాను.

దగ్గరికి వంగమని సైగ చేసింది. గొంతు బాగా తగ్గించింది.

"మాల్యాద్రికి ముందు ఇద్దరు పురిట్లోనే పోయినారు. వీడు నిలిస్తే ధార కింద తడుస్తానని మొక్కినా. మీ మామ సీసాతో తెచ్చి చల్లినాడు."

నా నోట ఒకటే మాట వచ్చింది. "ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయా అత్తా?"

ఆమె సున్నపు వేలు ఆకుకు తుడుచుకుంది. "అప్పుడు మనూరి నీళ్లు గూడా తియ్యనే గదా మే. నాకెట్లా తెలుస్తాది?"

తర్వాత ఆకు మడుచుకుంటూ, అందరికీ వినపడేలా అంది, "పోయిరా. నా పేరు గూడా చెప్పుకోని తడువు."

కొండ దారి నేను భయపడినంత లేదు. చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు రెండు, కూర్చుని జరగాల్సిన రాయి ఒకటి. ప్రత్యూష చెయ్యి చాపితే మొదట వద్దన్నాను, రాతి దగ్గర మాత్రం పట్టుకున్నాను. దిగొచ్చే మగవాళ్లు పక్కకు తప్పుకుని చూశారు. చూడనీ అనుకున్నాను. ధార కింద నిలబడేసరికి ఊపిరి ఆగింది. నెత్తిన మేత బస్తా పడ్డట్టు బరువు, కానీ మొయ్యక్కర్లేని బరువు. బిడ్డ పేరు చెప్పి తడిశాను. వెంకటశేషమ్మ అని అత్త పేరు పైకి చెప్పి తడిశాను. పెళ్లయ్యాక ఆమె పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎవరి పేరూ చెప్పకుండా, ఊరికే, కాసేపు నిలబడ్డాను. నోరు తెరిచి తాగాను.

ప్రత్యూష పొడి చీర ఇవ్వబోతే వద్దన్నాను. తడి కొంగు మడత మీద మడత వేసి నడుముకు దోపుకుని, ఆ చీరతోనే అందరి మధ్యగా దిగి వచ్చాను. మా ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్లు పొగకు నీళ్లు కారుతున్నాయి. పొంగలి అడుగంటిన వాసన దూరానికే తెలిసింది.

"కలబెడతానే ఉండా," అన్నాడు, నేను అడగకముందే.

"పైపైన వడ్డించండి," అన్నాను.

అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుని కొంగు తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. తన కొడుకులు, పక్క పొయ్యిల వాళ్లు చూస్తుండగానే ఎత్తి, తన నెరిసిన తల మీద గట్టిగా పిండుకుంది. నీళ్లు చెంపల మీదుగా జారాయి. నాలుక చివరతో ఒక చుక్క అందుకుంది.

"తియ్యగా ఉండాయి మే," అంది. "ఇంక స్వామికి నేను బాకీ లేను."