చెట్టుకు చెప్పుకోవాల్సిన మనిషి

పాలగిన్నె అడుగున మాడిన పొరను గోకుతున్నాను. వేపచెట్టు కింద నాపరాయి మీద కూర్చుని గిన్నెలు తోమడం నా పొద్దుటి పని. కడిగి బోర్లించిన గిన్నెల మీద పండుటాకులు రాలుతూనే ఉంటాయి. వాటిని తీసేసి మళ్లీ నీళ్లు పోస్తుంటాను. నా వెనక మా ఆయన సాయిబాబు, చెట్లు కొట్టే మౌలాలీ బాబాయి నిలబడి పైకి చూస్తున్నారు.

"కలపకు పనికొచ్చే చెట్టయితే నేనే నీకు ఎదురు డబ్బులిచ్చి పట్టుకుపోయేవాణ్ణి. ఇది లోన డొల్ల. పైగా పైపు కట్టడానికి మేకులు, తాడు కట్టడానికి మేకులు. రంపం పెడితే పళ్లు ఊడతయ్. నువ్వే నాకియ్యాల" అన్నాడు మౌలాలీ బాబాయి.

"చెట్టూ మాదే, డబ్బులూ మావేనా! బాగుంది బాబాయ్ నీ బేరం" అని మా ఆయన నవ్వాడు.

నవ్వుతూనే ఫోనులో లెక్క మొదలుపెట్టాడు. కొట్టే కూలి, కరెంటు తీగల మీది కొమ్మ దించేటప్పుడు లైను ఆపించడం, మొద్దు పెకిలించడానికి జేసీబీ, జేసీబీ లోపలికి రావాలంటే గోడ పడగొట్టి మళ్లీ కట్టడం. ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర లారీ నడుపుతాడు. సొంతానికి ఒక పాత ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు. చెట్టున్న చోట దానికి రేకుల షెడ్డు వెయ్యాలి. ఎండలో పెడితే టైర్లు పగులుతాయట.

"కొమ్మలన్నీ పోతే వంటింటి రేకుల మీద ఎండ పడుద్దిగా" అన్నాను, గిన్నె మీంచి తల ఎత్తకుండా.

"వంట ఎంతసేపే, గంట పని. ఫ్యాను పెట్టుకో."

ఫ్యాను వేస్తే పొయ్యి మంట ఆరిపోతుందని ఆయనకు తెలియదు. తెలియాలంటే వంటింట్లో నిలబడి ఉండాలి. అరుగు మీద కూర్చున్న మా అత్త అంజమ్మ అందుకుంది. "ముప్పయ్యేళ్లు వండా ఆ వంటింట్లో. చచ్చానా?"

ముప్పయ్యేళ్లూ ఆ చెట్టు కిందే గదా అత్తా, అనాలనిపించింది. అనలేదు. నూజెండ్లలో మా అమ్మ వంటింటి మీద ఏ చెట్టూ లేదు. ఎండాకాలం మొదలయ్యాక ఆమె తడిగుడ్డ నెత్తిన వేసుకుని వండేది. అది ఆమె అలవాటు అనుకునేదాన్ని. పెళ్లై ఇక్కడికొచ్చిన మొదటి వేసవిలో, మధ్యాహ్నం అన్నం వారుస్తూ నెత్తి తడుముకుంటే పొడిగా, చల్లగా ఉంది. అప్పుడు తెలిసింది, మా అమ్మది అలవాటు కాదని. ఈ ఇంట్లో నాకంటూ అమరిన సుఖం అదొక్కటే. ఎవరూ నాకోసం అమర్చింది కాదు కాబట్టి, తీసేసేటప్పుడు నన్ను అడగాలని ఎవరికీ తట్టలేదు.

"అయినా నీకోసమేగా కొట్టిస్తంది. ఆకులు ఊడవలేక చస్తన్నానని నువ్వే అన్నావుగా" అన్నాడు మా ఆయన.

అన్నాను, నిజమే. వేపపూత రాలే రోజుల్లో పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి మళ్లీ తెల్లగా అయ్యేది. నడుము నొప్పితో ఒక సాయంత్రం విసుక్కున్నాను. ఆ మాట ఆయన చెవికి ఎక్కిందనే ఆ రోజు అనుకోలేదు. ఇప్పుడు దాన్ని జాగ్రత్తగా బయటికి తీశాడు. అప్పట్నుంచి కథ మారిపోయింది. షెడ్డు సంగతి వెనక్కి పోయింది. పక్కింటి రత్నకుమారి అక్క అడిగితే "మా తిరపతమ్మ పోరు పడలేక" అన్నాడు. ఆడబిడ్డ శ్రీదేవి ఫోను చేసి "ఏంది వదినా, మా నాయన నాటిన చెట్టంట, నీకు అడ్డమొచ్చిందా?" అంది. నేను నోరు తెరిచేలోపు "పోన్లే, నీ ఇల్లు నీ ఇష్టం" అని పెట్టేసింది. నా ఇల్లు, నా ఇష్టం అన్న మాటలు నేను మొదటిసారి విన్నది అప్పుడే. లెక్కలో ఆయన కలపని ఖర్చు ఇదొకటి ఉంది. చెట్టు పోయాక వంటింట్లో ఉడికేదాన్నీ నేనే, కొట్టించినదాన్నీ నేనే.

అనుకున్న రోజు మౌలాలీ బాబాయి తాళ్లు, రంపంతో వచ్చాడు. వెంట ఇద్దరు కూలీలు. లైన్‌మాన్ వీధి మొత్తానికి కరెంటు ఆపి వెళ్లాడు. ఫ్యాన్లు ఆగేసరికి చుట్టుపక్కల వాళ్లు మా గోడ దగ్గరికి చేరారు. బాబాయి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కండువా నడుముకు బిగించి, నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, పసుపు కుంకం పెట్టి చెట్టుకు చెప్పుకో తల్లీ."

"ఏం చెప్పాలి బాబాయ్?"

"నా అవసరానికి నిన్ను తీయిస్తన్నా తల్లీ, పాపం నా మీద ఉంచు, కొట్టేవాడి మీద పెట్టొద్దు అని. ఇంటి ఇల్లాలు ఆ మాట చెప్పందే నేను గొడ్డలి ఎత్తను. మా నాయన కాలం నుంచీ అంతే. మసీదుకు పోయేవాళ్లమైనా ఈ పని దగ్గర ఇదే పద్ధతి."

పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని చెట్టు దాకా వెళ్లాను. వేలు పసుపులో ముంచాను. ఇన్ని రోజుల లెక్కల్లో నా దగ్గరికి వచ్చింది ఇది ఒక్కటే. అందరి అవసరాన్నీ నా నోటితో నాదని చెప్పి, పాపం నా మీద వేసుకోవాలి.

"ఏమే, అట్టా నిలబడ్డావ్? కరెంటు మళ్లీ ఇచ్చేస్తాడు, తొందరగా కానియ్యి" అన్నాడు మా ఆయన.

"నేను చెప్పను."

"ఏంది?"

"అవసరం నాది కాదుగా. ఎవరిదో వాళ్లే చెప్పుకోవాలి."

"ఊడవలేనన్నది నువ్వేగా!"

"ఊడవలేనన్నా. కొట్టెయ్యమనలా. ఒక పూటన్నా చీపురు పట్టుకుంటావేమోనని అన్నా."

కూలీల్లో ఒకడు ఫక్కున నవ్వి, మా ఆయన మొహం చూసి దగ్గాడు.

"ఇటియ్యి, నేనే పెడతా" అని ఆయన చెయ్యి చాపాడు.

మౌలాలీ బాబాయి అడ్డంగా తల ఊపాడు. "మగోళ్లు పసుపు పెట్టిన చెట్టు నేను ఎప్పుడూ కొట్టలా సాయిబాబూ. పిల్లలు గలవాణ్ణి."

ఆయన అరుగు వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా వచ్చి పెట్టు. ఇది తేలేట్టు లేదు."

మా అత్త కదల్లేదు. "నేను పెట్టకూడదు గదరా" అంది. మా మామ పోయాక ఆమె పసుపు కుంకాల పళ్లెం ముట్టుకోగా నేను చూడలేదు.

"ఈ రోజుల్లో అయ్యన్నీ ఎవురు చూస్తన్నారమ్మా! పెట్టెయ్, ఏం కాదు."

ఆమె లేచింది. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి నా పక్కకు వచ్చింది. పెట్టేస్తుందనే అనుకున్నాను.

"శ్రీదేవి పెళ్లిలో పీటల దగ్గరికొస్తే ఎనక్కి పోయి కూచోమన్నది ఎవుర్రా? నువ్వే. నా కూతురికి అక్షింతలు ఎయ్యడానికి పనికిరాని చెయ్యి, నీ షెడ్డుకు పనికొచ్చిందా?"

ఆమె నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది. చెట్టు వైపు పోలేదు. ఇంట్లోకి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి వచ్చి, మళ్లీ అరుగు మీద కూర్చుంది.

రేపు ఇంకెవరినో తీసుకురావచ్చు ఆయన. ఏ పద్ధతీ అడగని మిషను రంపాల వాళ్లు టౌనులో చానామంది ఉన్నారు. చెట్టు పోతే పోతుంది. కానీ తిరపతమ్మ కొట్టించిందని అనడానికి మాత్రం వీల్లేదు, వీధి మొత్తం విన్నది. ఆ మాటే చెప్పాను ఆయనకు, గట్టిగా కాదు, వినపడేంత.

ఆయన నన్ను చూశాడు, అరుగు మీది తల్లిని చూశాడు. మేకుకు తగిలించిన చొక్కా తీసుకుని, గుండీలు పెట్టుకోకుండానే గేటు దాటి వెళ్లిపోయాడు.