వీధివైపు తీగ

దుప్పటి ఒక కొసను మోకాలి కింద నొక్కిపట్టి, రెండో కొసను మెలితిప్పుతూ ఆమె వీధిని తిడుతోంది. నీళ్ళు తొట్టిలోకి కారుతున్నాయి, తిట్లు కిటికీలోంచి బయటికి పోతున్నాయి. లాడ్జీల దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ రెండు పనులూ కలిసే నడుస్తున్నాయి. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి, గోళ్ళు సబ్బునీళ్ళలో నాని తెల్లబడ్డాయి. పొద్దుటి నుంచి ఎడమ భుజం కూడా లాగేస్తోంది. నోరు మాత్రం కొత్తదానిలా ఉంది.

కోటగోడ లోపల కాపురం ఉన్న ఇల్లు అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ లాడ్జీలు, కాఫీ హోటళ్ళు, బొమ్మ కత్తులమ్మే దుకాణాలు. ఆ దేశమే చిన్నది; గట్టిగా తుమ్మితే పక్క దేశం వాళ్ళు ఉలిక్కిపడతారు. వందల ఏళ్ళ నాటి వీధులు చెక్కుచెదరలేదట, అది చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. పొద్దున ఒక దేశం, మధ్యాహ్నం ఈ దేశం, సాయంత్రానికి ఇంకోటి. వాళ్ళు పడుకుని లేచిన దుప్పట్లు ఈమె తొట్టిలోకి వస్తాయి. ఎవరు మంచం మీదే తిన్నారో, ఎవరు బూట్లతో పడుకున్నారో, ఎవరు కాటుక కరిగేలా ఏడ్చారో అన్నీ ఆమెకు తెలుసు. తెలిశాక వాళ్ళ మీద గౌరవం పెరిగింది మాత్రం లేదు.

దుప్పట్లు వెనకవైపు మేడ మీద ఆరేస్తుంది. వీధివైపు, తన పైగది కిటికీ నుంచి ఎదురుగోడకున్న కొక్కెం దాకా ఇంకో తీగ ఉంది. దాని మీద ఆరేది ఒక్కటే, చనిపోయిన మొగుడి పొడుగు లాగు. వెనక రెండు అతుకులు, ఒకటి నీలం, ఒకటి చారలది. తొడుక్కునేవాడు పోయి ఏళ్ళయినా రోజూ దాన్ని ఉతికి, జనం తీసే కోటగుమ్మం ఫోటోకి సరిగ్గా నడిమధ్యన పడేలా ఆరేస్తుంది. ఆయన వీధి రాళ్ళు సరిచేసే మేస్త్రీ. వంగి పనిచేసుకుంటుంటే జనం ఆయన మీదుగా కాళ్ళు చాపి దాటుకుంటూ పోయేవాళ్ళు, కాస్త జరగమని అడిగే పాపాన కూడా పోలేదు. ఆ కచ్చతోనే మొదలుపెట్టింది. ఇప్పుడందులో కచ్చ ఎంతో, ప్రేమ ఎంతో ఆమెకే తెలియదు. అతుకుల దగ్గర మాత్రం బ్రష్ వెయ్యదు, చేత్తోనే రుద్దుతుంది.

తలుపు తోసుకుని ఒక జంట లోపలికొచ్చింది. తట్టలేదు, అడగలేదు. అతను తొట్టినీ, గోడకున్న మేకులనూ, ఆమెనూ వరసగా ఫోటోలు తీశాడు. ఆవిడ తన భాషలో ఫోన్‌కి ఏదో చెబితే, అది జలుబు చేసిన గొంతుతో పలికింది: "ప్రదర్శన ఎన్ని గంటలకు మొదలు?"

"అయిపోయింది. బయటికి నడవండి."

ఫోన్ మళ్ళీ పలికింది: "ఇక్కడ మనుషులు నివసిస్తున్నారా?"

"లేదు. దయ్యాలుంటాయి. చూస్తారా?" అంటూ చెంబుడు సబ్బునీళ్ళు వాళ్ళ కాళ్ళ ముందు గుమ్మరించింది.

ఇదీ ప్రదర్శనే అనుకుని ఇద్దరూ నవ్వుతూ చప్పట్లు కొట్టి వెళ్ళారు. ఫోటోలకంటే ఆ చప్పట్లకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తడిలోనే కాలు పెట్టి మరిది వచ్చాడు. ఇల్లు అతని పేరున ఉంది. మామగారు పోతూ పోతూ చిన్నకొడుక్కి రాసి పోయాడు.

"వదినా, సాయంత్రం బండి వస్తోంది. సామాన్లు కట్టుకున్నావా?"

"నీ తలకాయ కట్టుకున్నాను."

"గోడ బయట ఫ్లాటు చూశాను. లిఫ్టుంది, మెట్లెక్కే బాధ లేదు. టౌనాఫీసు వాళ్ళు మళ్ళీ నాకు గడ్డి పెట్టారు. ఆ లాగు వల్ల ఊరి పాతదనం చెడిపోతోందట."

"ఏం, ఆ కాలంలో ఎవరూ లాగులు తొడుక్కోలేదా? అయినా పాతదనమే కావాలంటే నేనూ పాతదాన్నే కదా, నన్నెందుకు పొమ్మనడం?"

"వేళాకోళం కాదు. దీన్ని లాడ్జీ చెయ్యడానికి రేపు వడ్రంగులు వస్తున్నారు. ఖాళీ చెయ్యకపోతే సామాన్లు వీధిలో పెట్టిస్తాను."

"పెట్టించు. వాటినీ ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం నలుగురు మోసుకుపోతే తప్ప ఈ గడప దాటను."

అతని మొహం ఎర్రబడింది. "నీతో అన్నయ్య ఎలా వేగాడో!" అని విసురుగా వెళ్ళి, బండి వచ్చేదాకా కాపలా అన్నట్టు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నాడు.

ఆమె లాగు పిండింది, పైకెళ్ళి తీగకి తగిలించింది. ఒక క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. కిందికొచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుంది. కాళ్ళు రెండూ గడప లోపలే పెట్టుకుంది.

ఎలా వేగాడు? సాయంత్రం రాతిదుమ్ము దులుపుకుంటూ వచ్చి, "ఇవాళ ఎవరిని ప్రాణాలతో వదిలావే?" అనేవాడు. ఆమె ఒక్కొక్కరినీ వరసపెట్టి చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వుతూనే వేగాడు. ఆ మాట మరిది మొహాన కొట్టాలనిపించింది. లేద్దామనుకుంది. భుజంలోంచి నొప్పి గుండెలోకి దిగింది.

కాఫీ హోటల్లో మరిది రెండో కప్పు తాగుతున్నాడు. జెండా పట్టుకున్న మనిషి వెనకాల ఒక గుంపు వచ్చి వదిన ముందు ఆగింది. ఆమె నిద్రపోతోందనుకుని గొంతులు తగ్గించారు. ఒకాయన కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, చిరునవ్వుతో ఫోటో దిగాడు. ఇంకొకావిడ కూర్చుంది. ఎవరికీ తిట్టు పడలేదు. ఆ వీధి అంత ప్రశాంతంగా ఉండడం అతనెప్పుడూ చూడలేదు. కప్పు వదిలేసి పరిగెత్తాడు.

"వదినా! వదినా, తిట్టు!"

సామాన్ల కోసం వచ్చిన బండివాళ్ళిద్దరూ, అతనూ, కాఫీ హోటల్ మనిషీ, నలుగురూ కలిసి ఆమెను గడప దాటించారు. ఆమె మాటే నెగ్గింది.

వడ్రంగులు వచ్చారు, లాడ్జీ తయారైంది. లాగు ఆమె పోయిన రోజే తీసేశారు. టౌనాఫీసు సంతోషించింది. సంతోషించనిది వచ్చేవాళ్ళే. ఎవరో తీసిన ఫోటో ఫోన్‌లో చూపించి, ఇది ఎక్కడ, ఆ అతుకుల లాగు ఏదీ, అని గుమ్మంలో నిలబడి అడిగారు. వీధి బోసిపోయిందని పెదవి విరిచారు. మరిది పాత గుడ్డల్లోంచి లాగు వెతికి తీసి, తనే తీగకి తగిలించాడు.

"ఇక్కడ మనుషులు నివసిస్తున్నారా?" అని ఇంకొక ఫోన్ అడిగింది.

"ఉంటున్నారు," అని అతను పైకి చూపించాడు.

అంతలో వాన మొదలైంది. జనం కోటగుమ్మం కిందికి పరిగెత్తారు, మరిది తలుపు వేసుకున్నాడు. తియ్యడానికి కిటికీలోంచి చెయ్యేదీ రాలేదు. నీలం అతుకు ఒక మూల కుట్టు విడిపోయి, లాగు తీగ మీద తడుస్తూ ఉండిపోయింది.