ఎర్ర కార్డు చప్పుడు

పేకాట పోటీకి బయలుదేరే ముందు భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె పాఠం అప్పజెబుతోంది. "అవతలివాళ్ళ పాట చిన్నదైతే మీ డబుల్ నన్ను అడగడానికి. నాకు బాగున్న రంగు నేను చెప్పాలి. పాట పెద్దదైతే వాళ్ళని ఓడగొట్టడానికి. అప్పుడు నేను పాస్ అనాలి."

"అంతే. చంటిపిల్లకైనా వస్తుంది," అన్నాడాయన అద్దంలో మీసం సవరించుకుంటూ. "ఆ కాలరు ఇంకోసారి రుద్దు."

బ్రిడ్జి పేకాటలో ఏ రంగుతో ఎంత గెలుస్తామో ముందు కార్డులు పెట్టి వేలం పాడతారు; అవతలివాళ్ళ పాటకి 'మీరు గెలవలేరు' అని పెట్టేది డబుల్. దానికి వేరే అర్థం పెట్టుకుని జోడీలు ఇలా ముందే ఒప్పందం చేసుకోవచ్చు. కాకపోతే అవతలివాళ్ళు అడిగితే దాపరికం లేకుండా చెప్పాలి. చాటుమాటు సైగలు కూడదు. అయ్యగారు ఒప్పందమైతే చేస్తారు గానీ, ముక్కలు చేతికొచ్చాక దాన్ని గాలికొదిలేస్తారు. బెడిసికొడితే తప్పు ఆమెది. "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అని నలుగురిలో అడుగుతారు. ఆ మాట పడలేక ఆమె ఓ దారి వెతుక్కుంది. ఎర్ర డబుల్ కార్డు ఆయన మెల్లగా పెడితే అడుగుతున్నట్టు, టప్పున కొడితే పాస్ అనమన్నట్టు. ఇందులో కొత్తగా నేర్చుకున్నదేముంది? గ్లాసు పెట్టిన చప్పుణ్ణి బట్టి ఇంకాస్త కాఫీ పొయ్యాలో, అక్కణ్ణించి తప్పుకోవాలో తెలుసుకోవడం ఇంట్లో రోజూ ఉన్నదేగా! "వాడు నోరు విప్పి అడగడమ్మా, మనమే కనిపెట్టుకోవాలి," అని అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది. కనిపెట్టుకుంది. కప్పులు గెలిచారు. ఎంత అన్యోన్యమో అని క్లబ్బంతా మెచ్చుకుంది.

ఆ రోజు వాళ్ళకి ఎదురుపడ్డ జోడీ ఓ కుర్ర నర్సు, ఆ పిల్ల మొగుడు.

"మిమ్మల్ని చూసి నేర్చుకోమని మా ఆయన ఒకటే పోరక్కా," అంది నర్సు ముక్కలు సర్దుకుంటూ. "సార్ డబుల్ అంటే మీకు ఇట్టే తెలిసిపోతుందట కదా! నా మట్టిబుర్రకి ఎక్కడం లేదు."

"ఎక్కితేగా!" అన్నాడు మొగుడు.

ఆ పిల్ల నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి ఈమెకి తల కొట్టేసినట్టయింది. తన దొంగాటని గొప్పగా చూపించి ఇంకో ఇంట్లో ఇంకో ఆడపిల్లని దెప్పుతున్నారన్నమాట. తను పడ్డ మాటలే ఆ పిల్లా పడుతోంది, అదీ తన మూలంగా. ఇన్నాళ్ళూ దీన్ని దొంగతనం అనుకోవడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు. సర్దుకుపోవడం అనుకుంది. సిగ్గుతో ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది.

నర్సు మొగుడు రెండు ఇస్పేట్లు పాడాడు. ఈమె భర్త ఎర్ర కార్డు తీసి బల్ల అదిరేలా కొట్టాడు.

"ఈ డబుల్‌కి మీ ఇద్దరి ఒప్పందం ఏంటక్కా?" అడిగింది నర్సు.

"నా రంగు చెప్పమని అడగడమమ్మా," అంది ఆమె. రెండంటే చిన్న పాటే, ఒప్పందం అదే.

నర్సు నమ్మి పాస్ చెప్పింది. ఈమె చేతిలో ఉన్నది ఒక్క ఇస్పేటు, మిగతావాటిలో కాస్త ఎక్కువగా ఉన్నవి కళావర్లే. ఇస్పేట్లన్నీ ఆయన దగ్గరే పోగుపడ్డాయని ఆ చప్పుడే చెప్పింది. పాస్ అంటే గెలుపు. అలవాటుగా చెయ్యి పాస్ చెప్పే పచ్చకార్డు మీదికి పోయింది. ఛీ, అనుకుంది. ఆ పిల్లకి ఒకటి చెప్పి ఇంకోటి ఆడతానా?

మూడు కళావర్ల కార్డు పెట్టింది.

పాట ఆమెది కాబట్టి ఆట ఆమెదే; ఆయన తన ముక్కలు బల్లమీద పరిచాడు. ఇస్పేట్లు బారుగా ఉన్నాయి. కళావరు ఒక్కటే. ఘోరంగా ఓడిపోయారు.

"అంత గట్టిగా కొట్టాను కదా!" అని అరిచాడాయన. పక్క బల్లలవాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఇన్నేళ్ళ కాపురం! అర్థం కాలేదూ?"

"అర్థమైందండీ," అంది ఆమె. ఆట నడిపే పెద్దాయన్ని చెయ్యెత్తి పిలిచి, ఆయన వచ్చేలోగా నర్సు వైపు తిరిగింది.

"నీ బుర్రకేం లోటు లేదమ్మా. నేను గెలిచినవన్నీ ఈయన చప్పుళ్ళకి భయపడి గెలిచినవే."