నలభై ఇళ్ళ 'బాగుంది'

కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు హోరు వినబడే ఒక క్రైస్తవ పాలెం. రెబెక్కమ్మ మూడు రాళ్ళ పొయ్యి ముందు కూచుని ఊదుతోంది. ఇల్లంతా పొగ. కోడలు నవోమి కళ్ళు ఎర్రగా పుసులు కట్టి తెరుచుకోవడం లేదు. పక్కనే పంచాయతీ సమితి వాళ్ళు ఉచితంగా కట్టించిన పొగలేని పొయ్యి ఉంది. చదువరులారా, దాని నోట్లో కోడి పొదుగుతోంది!

జయకుమార్ చూపు ఆ కోడి దగ్గర ఆగిపోయింది.

ఈ పొయ్యిలు ఎందుకు వాడటం లేదో కనుక్కు రమ్మని 1963లో సమితి ఆఫీసు అతన్ని పంపింది. సర్వే చేస్తే సర్వం తెలుస్తుందనుకున్నాడు పాపం. అచ్చేసిన కాగితంలో ఇరవై ప్రశ్నలు. రెండు రోజుల్లో నలభై ఇళ్ళూ చుట్టేసినాడు. పొగ సంగతేమో గాని పొగడ్తలకు లోటు లేదు. అందరూ "బాగుంది సార్" అన్నవాళ్ళే. ఈ ఇంట్లోనయితే రెబెక్కమ్మ భర్త పేరే సమాధానం. ఎవరిని ఏమడిగినా సమాధానం చెప్పేది ఆ సమాధానమే! ఇక చివరి గడిలో "వీళ్ళు మారరు" అని రాస్తే పని ముగుస్తుంది. పథకం ఇంకో ఊరికి పోతుంది. నవోమి ఈ పొగలోనే మిగిలిపోతుంది.

కలం మూసి జేబులో పెట్టినాడు. "అమ్మా, కోడికి ఈ ఇల్లు ఎవరిచ్చారు?"

రెబెక్కమ్మ పకపకా నవ్వింది. "నాకు పనికిరాకపాయె, దానికన్నా పనికొచ్చింది నాయనా! చెప్తా గాని, ఆకు ఊడ్చే పనుండాది. తోపు దాకా వస్తావా?"

వెళ్ళినాడు. మర్నాడూ, ఆ మర్నాడూ వెళ్ళినాడు. ఆమె సరుగుడు తోపులో రాలిన ఆకు ఊడుస్తుంటే గంప పట్టుకుని పక్కన నడిచినాడు. అడగడం తగ్గించి, వినడం మొదలుపెట్టినాడు.

"చెట్లు వేలం పాడినోళ్ళవి. పుల్ల ముట్టనీరు. రాలిన ఆకే మాది. ఆ పొయ్యి నోరేమో కట్టెలకి చేసినారు. సూదుల్లాంటి ఈ ఆకు పిడికెడు పిడికెడు తొయ్యాల. రెండ్రోజులకే బూడిద గొట్టానికి అడ్డంపడి, పొగంతా మొహాన కొట్టింది."

"మరి బాగుందన్నారేమ్మా?"

"నేనన్నానా? మా ఆయనన్నాడు. ఆయనెప్పుడన్నా పొయ్యి ఊదినాడా? అయినా, ఇంటికొచ్చి ఇచ్చినోళ్ళని బాగలేదంటే మర్యాదా?"

సమితి ఆఫీసులో అధికారి రంగనాయకులు గారు జయకుమార్ ఇచ్చిన కాగితాలు తిరగేసినారు. "ఏమయ్యా, నలభై ఇళ్ళకి రెండ్రోజులు, ఒక్క రెబెక్కమ్మకి మూడు రోజులా?"

"ఆమె చెప్పినాక మళ్ళీ నాలుగిళ్ళకి పోయినానండి, మగవాళ్ళు పనికి పోయిన వేళ. అక్కడా అదే ఆకు, అదే బూడిద."

రంగనాయకులు గారు పథకాన్ని ఇంకో ఊరికి మార్చే కాగితం పక్కనబెట్టి మేస్త్రీని పిలిపించినారు. "రేపు పోయి రెబెక్కమ్మ గారు వంట చేస్తుండగా కూర్చో. ఆమె చెయ్యి ఎట్లా ఆడుతుందో చూడు. ఏం కావాలో విను. ఆ తర్వాతే తాపీ పట్టు."

తర్వాత గుమాస్తాల వైపు తిరిగినారు.

"ఎంతమంది వాడటం లేదో లెక్క చెబుతుందయ్యా. ఎందుకు వాడటం లేదో తెలియాలంటే మాత్రం, వంట చేసే మనిషి పక్కన, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చోవాల్సిందే."