ఎవరి చీరలివి

వసంతమ్మకు ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ల చీరలతో కుట్టిన బొంతను ముట్టుకున్న చేత్తో, బతికున్నవాళ్ల చీరల బొంతను ముట్టదు. మధ్యలో ఒక స్నానం పడాల్సిందే. బోధన్‌లో ఆమె ఉండే గల్లీ గల్లీ అంతా నవ్వినా సరే, మాఘమాసం చలిలో రోజుకు మూడుసార్లు వణికినా సరే.

ఆమె చేసే వ్యాపారమూ అలాంటిదే. జనం తమ ఇంటి పాత చీరలు పంపుతారు. ఆమె వాటిని పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టి, పార్సిల్ కట్టి తిరిగి పంపుతుంది. ఫోన్లో బొంతల ఫోటోలు పెట్టేదీ, ఆర్డర్లు తీసుకునేదీ, లేబుళ్లు ప్రింటు తీయించేదీ పక్కింటి సాలేహా. పుట్టబోయే బిడ్డకు బొంత అడిగేవాళ్లు కొందరు, పోయిన మనిషి గుర్తుగా కప్పుకుంటామనేవాళ్లు కొందరు. ఈ రెండో రకాన్ని వసంతమ్మ వరండాలోనే కుట్టి, వరండాలోనే కట్టేది. గడప దాటనిచ్చేది కాదు.

ఆ బుధవారం రెండే పార్సిళ్లు. లోపలి గదిలోది కోటగిరి చెంచులక్ష్మిది. ఆమె కోడలికి నెలలు నిండాయి. మనవడో మనవరాలో, ఒంటికి మొదట తగిలే మెత్తదనం నాయనమ్మ చీరలదే కావాలని, బొంతతో పాటు పొత్తిగుడ్డలు కూడా కుట్టమంది. వరండాలోది ఎడపల్లి ముత్తన్నది. అతని భార్య ముత్తవ్వ పోయి నెల తిరగలేదు. రెండు పార్సిళ్లూ ఒకే సైజు నల్ల కవర్లలో కవలల్లా కూర్చున్నాయి.

ఇక లేబుళ్లు అతికించడమే మిగిలింది. సాలేహా ఎప్పట్లాగే పురిటి లేబుల్ మీద పువ్వు, పోయినవాళ్ల లేబుల్ మీద గీత గీసి మిషను మీద పెట్టి వెళ్లింది. లేబుళ్లకు గుర్తులున్నాయి గానీ కవర్లకు లేవు. అయినా వరండాలోది వరండాలో, లోపలిది లోపల ఉన్నంతసేపూ గుర్తులెందుకు? వసంతమ్మ ముత్తవ్వ బొంత కట్టేసి స్నానానికి వెళ్లింది.

రోజూ నాలుగింటికి వచ్చే కొరియర్ రవీందర్ ఆ రోజే మూడింటికి ఊడిపడ్డాడు.

"అక్కా, జల్ది. బండి నిజామాబాద్ పోవాలె" అని కేకేశాడు. కేక వేసి ఊరుకుంటే బాగుండేది. పాపం మంచివాడు. సాయం చేద్దామని లోపలి పార్సిల్ తెచ్చి వరండాలో ఉన్నదాని మీద పెట్టాడు. వసంతమ్మ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి లేబుళ్లు తేవడానికి లోపలికి వెళ్లేలోగా, రెండింటినీ ఎత్తి తూకం వేసి మళ్లీ పేర్చాడు.

"పైది లోపటిదేనా?" అని అడిగింది.

"ఆఁ, గదే" అన్నాడు ఫోను చూస్తూ.

పైదానికి పువ్వు, కిందిదానికి గీత అతికించింది. బండి మలుపు తిరిగాక గాని అనుమానం రాలేదు. ఫోను చూస్తూ అన్న మాటది. పైది నిజంగా లోపలిదేనా? తూకం వేశాక ముందు దేన్ని కింద పెట్టాడు? ఎంత ఆలోచిస్తే అంత చెదిరింది. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"యాదికి లేదక్కా. బస్తాలేసి సీలేసిన్రు. ఇంక నా చేతుల లేదు" అన్నాడు రవీందర్.

అన్నం సయించలేదు. సాలేహా వచ్చి, "తప్పువోతె వాళ్లే ఫోన్ చేస్తరు గదా అక్కా, మార్చిద్దాం" అంది.

"మార్చుడు పెద్ద పని కాదు పిల్లా. కవరు ఇప్పంగనే అడుగుతరు, ఎవరి చీరలివి అని. గప్పుడేం చెప్పాలె?"

"బతికున్నామెవే అని చెప్పు. ఎవలకు ఎర్కైతది?"

నిజమే, ఎవరికి తెలుస్తుంది? గురువారమంతా వసంతమ్మ ఆ అబద్ధాన్ని నోట్లో నానబెట్టుకుని తిరిగింది. మిషను ముందు కూర్చుంటే సూది రెండుసార్లు విరిగింది. ఫోను మోగితే భయమేసేది. మోగకపోతే ఇంకా భయమేసేది. పచ్చి పురిటి బిడ్డ మీద చావు బట్ట. అతి జాగ్రత్తకు పోయి కొంప ముంచుకున్నానని తనను తానే తిట్టుకుంది.

శుక్రవారం పదింటికి సాలేహా ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చెంచులక్ష్మి.

"ఏమమ్మా, మా కోడలు బుధవారం రాత్రే కనింది. మగపిల్లాడు. ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాం. నేను సామాను దించేలోపు మావాడు సతీష్‌బాబు మీ కవరు చింపి బిడ్డకి కప్పేశాడు. మగాడికి చీరలేం తెలుస్తాయి. ఇవి నావి కావు. ఎవరి చీరలివి?"

సాలేహా పెదవులతో 'బతికున్నామెవే' అని చెబుతోంది. అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ ఆ బిడ్డకు నీళ్లు పోయాలో అక్కర్లేదో ఆ ఇంటివాళ్లకు తెలియొద్దా? తన స్నానాలు తనకున్నాయి, వాడికెవరు చేయిస్తారు?

"సచ్చిపోయినామెవి అమ్మా" అంది వసంతమ్మ. "ఎడపల్లి ముత్తవ్వవి. తప్పు నాదే."

సాలేహా తల పట్టుకుంది.

"మతుండే చేశావా ఈ పని? పురిటి బిడ్డమ్మా వాడు" అంది చెంచులక్ష్మి. ఇంకా చాలా అంది. వసంతమ్మ అన్నీ పడింది. చివరికి ఆమె గొంతు తగ్గింది. "రెండు రాత్రులుగా కన్ను మూయనివాడు ఇప్పుడే పడుకున్నాడు. లేపలేను. లేచాక తీసి నీళ్లు పోస్తాను. ఈలోపు మావి తెచ్చిచ్చి, ఇది పట్టుకుపో."

వసంతమ్మ ఆటో మాట్లాడుకుని ఎడపల్లి వెళ్లింది. ఒక గండం గడిచింది, రెండోది ముందుంది. పెళ్లాం చీరలు పోగొట్టావా అని ముసలాయన అడిగితే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ముత్తన్న ఇంటి ముందు మంచం వేసుకుని, చేతిలో కర్రతో కూర్చున్నాడు. కళ్లు ఎదురింటి గోడ మీద ఉన్నాయి. అక్కడ, శుభ్రంగా ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద నల్ల కవరు పెట్టి ఉంది.

"నువ్వేనా బొంతలామెవు? ఇప్పంగనే పొత్తిగుడ్డలు కనవడ్డయి. ఎవలో పురిటోళ్లయని మూసేసిన" అన్నాడు. "నాది సావు ఇల్లు బిడ్డా. గందుకే లోపటికి తేలే. తువ్వాల ఎదురింటోళ్లదే, వాళ్లతోనే పెట్టిపిచ్చిన. పొద్దుగాల సంది మేకలు ముట్టకుంట చూస్తున్న."

వసంతమ్మకు ఏడుపు ఆగలేదు. గల్లీ అంతా నవ్విన తన పట్టింపునే ఈయన ఎండలో కూర్చుని కాపలా కాశాడు.

"మా ముత్తవ్వది యాడున్నది మరి?" అని అడిగాడు.

చెప్పింది, ఏదీ దాచకుండా. ముత్తన్న చేతిలో కర్రను మంచానికి ఆనించాడు.

"పిల్లగాడు పండుకున్నడా?"

"పండుకున్నడట. రెండు రాత్రుల సంది నిద్ర లేదట. లేచినంక తీస్తరట. నేను పోయి మీది జల్ది తెచ్చిస్త బాపూ" అని వసంతమ్మ కవరు అందుకుని ఆటో వైపు తిరిగింది.

ముత్తన్న మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో" అన్నాడు. "తొందరేమున్నది. లేవనియ్యి."