కత్తెర అందని కొమ్మ

ఆ కోడలి చెయ్యి పడ్డాకే పొద గొడ్డుపోయిందట.

పక్కింటి పొడుగావిడ కుళాయి దగ్గర అన్నదట. అత్త లేచి తిరిగిన రోజుల్లో కొమ్మకొమ్మా ఎర్రటి పళ్లతో వంగిపోయేదట. ఇప్పుడు చూడండి, ఆకులు... ఉత్త ఆకులు.

మాట వీధంతా తిరిగి తిరిగి కోడలి చెవినే పడింది.

పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే అత్తాకోడళ్లు కారు వాళ్లు. భగ్గుమనడానికైనా ఓపిక ఉండాలి కదా.

పగలంతా లాండ్రీలో ఇస్త్రీ. ఆవిరి, మడత. ఆవిరి, మడత. ఇంటికొస్తే మంచం పట్టిన అత్త. మొగుడు లారీ ఎక్కితే వారాలకు గానీ దిగడు. ముద్ద పెట్టడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం — చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. చూపు పొయ్యి మీదో, గడియారం మీదో.

అత్త రోజురోజుకీ మంచానికి అతుక్కుపోతోంది. కన్ను మూసేలోగా ఆ ఎరుపు ఒక్కసారి ఆమె కంటపడాలని కోడలి ఆశ.

అందుకే నీళ్లు మానలేదు. ఎరువు మానలేదు. ఏటా పూతకు ముందు కత్తెర పట్టి, అత్త మంచానికి ఎదురుగా ఉన్న కిటికీ అవతల నిలబడి, పొదను గుండ్రంగా, ముద్దుగా కత్తిరించేది. రెమ్మ రెమ్మనూ చూసి... రెమ్మ రెమ్మనూ తుంచి.

కాసేది కాదు.

ఆకులు... ఉత్త ఆకులు.

ఈసారి చలి మొదలయ్యాక, గోడవార ఊడుస్తుంటే, నీళ్ల గొట్టం వెనక ఏదో ఎర్రగా.

కత్తెర దూరని సందులో ఒక్క కొమ్మ. నిరుటి కొమ్మ. దాని నిండా పళ్లు — మిరియాలంత, నిగనిగలాడుతూ.

చీపురు చేతిలోనే ఉండిపోయింది.

కాపు నిరుటి కొమ్మకే. ఏటా ముద్దుగా తీసి పారేసింది దాన్నే.

రెమ్మ విరిచి తెచ్చి దిండు పక్కన పెట్టింది. మంచం పట్టె మీద కూలబడింది.

"నా చేతులారా నేనే నరికాను అత్తయ్యా."

అత్త పళ్లను వేలితో తడిమింది.

"నాకు తెలుసులేవే."

"తెలిసీ ఇన్నేళ్లూ చెప్పలేదా?"

"చెబితే కత్తెర మూల పడేస్తావు. పొద్దస్తమానం నాకు కనబడేవి నీ చేతులేనే. ఆ కిటికీలో నిలబడ్డప్పుడే నేను నీ మొహం చూసేది."