పళ్లాయన పిల్లి

మా వీధిలో నన్ను పళ్లాయన అంటారు. అలాగని నాది పండ్ల వ్యాపారం కాదు. నేను కట్టుడు పళ్లు తయారుచేస్తాను. దంతవైద్యులు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటి మీద మైనం కరిగించి, పళ్లు పేర్చి, గులాబీరంగు చిగుళ్లు పోసి, సానపట్టి తిరిగి పంపడం నా పని. గది బయట 'ఇచ్చట పళ్లు చేయబడును' అని బోర్డు రాయించినప్పటి నుంచి, అరటిపళ్లు ఉన్నాయా అని తొంగిచూసేవాళ్లకు కొదవ లేదు. బోర్డు మార్పించమని మా ఆవిడ చెబుతూనే ఉంది. ఆమె బస్సు కండక్టరు. మాట సూటిగా చెప్పడం ఆమెకు వచ్చినట్టు నాకు రాదు.

ఆ గదిలో నాతోపాటు ఒక బూడిదరంగు పిల్లి ఉంటుంది. పళ్లసెట్లు ఉడికించే నీళ్ల తొట్టె పక్కన వెచ్చగా ఉంటుందని ఒక వానాకాలం వచ్చి చేరింది, మళ్లీ వెళ్లలేదు. పనేమీ చేయకుండా, పనిచేసేవాణ్ని తప్పుపడుతున్నట్టు చూస్తూ కూర్చుంటుందని దానికి సూపర్‌వైజరు అని పేరు పెట్టాను.

కొన్నాళ్లుగా గదిలో ఏదో కంపు. ముందు మురుగ్గొట్టాన్ని అనుమానించాను. తర్వాత అచ్చులు పోసే ప్లాస్టరు బస్తాను, ఆ తర్వాత నా భోజనం డబ్బాను. చివరికి నన్నే నేను అనుమానించుకుని, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పళ్లు తోముకోవడం మొదలుపెట్టాను. అదే రోజుల్లో పిల్లి గిన్నె దగ్గరికి ఆత్రంగా వెళ్లి, ఒక్క ముక్క నోట పెట్టి, గిన్నె మీద కోపం వచ్చినట్టు బుస్సుమని వెనక్కి తగ్గేది. తిండి నచ్చలేదు కాబోలనుకుని ఇంకా ఖరీదైన తిండి కొన్నాను. దాని మీదా బుస్సుమంది. ఎంత నాజూకు అభిరుచో అని లోలోపల మురిసిపోయాను కూడా.

ఒకరోజు మా ఆవిడ డ్యూటీ దిగి నేరుగా గదికి వచ్చింది. పిల్లిని ఒళ్లోకి తీసుకుని దాని మొహం దగ్గర మొహం పెట్టి వెంటనే తల పక్కకి తిప్పుకుంది.

"కంపు మీ దగ్గర్నించి కాదు. దీని నోట్లోంచి," అంది. "గడ్డమంతా చొంగ. పళ్ల పని చేస్తూ ఇదీ కనిపించలేదా?"

కనిపించలేదు. నా దగ్గరికి వచ్చే నోళ్లన్నీ ప్లాస్టరువి. వాటికి నొప్పి ఉండదు.

పశువుల డాక్టరమ్మ పిల్లి పెదవి పైకెత్తి చూపించింది. దవడ పొడవునా చిగుళ్లు ఎర్రగా, పచ్చిపుండులా ఉన్నాయి. ఎక్స్‌రే తీశాక పిలిచి కూర్చోబెట్టింది.

"చిగుళ్ల జబ్బు బాగా ముదిరిందండీ. పళ్ల కింద ఎముక అరిగిపోయింది. వెనక పళ్లన్నీ తీసేయాలి. అవి ఉన్నన్నాళ్లూ దానికి నొప్పే."

ఇలాంటి చోట మన వృత్తి గురించి తెలియజేయకపోతే బాగుండదనిపించింది. "నేనూ ఈ లైన్లోనే ఉన్నానండీ," అన్నాను. "తీసేశాక పిల్లులకి కట్టుడు పళ్లు పెడతారా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టి నన్ను చూసింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

"పెట్టరండీ," అంది డాక్టరమ్మ మెల్లగా.

తర్వాత ఖర్చు కాగితం చేతికిచ్చింది. మత్తు, ఎక్స్‌రేలు, ఆపరేషను, మందులు. అంతా కూడిన అంకె అడుగున ఉంది. ఒకసారి చదివాను. రెండోసారి చదివితే తగ్గుతుందేమోనని మళ్లీ చదివాను. మేము దాచుకున్నది దాంట్లో సగానికి సరిపోతుంది. అదీ నా సాన యంత్రం మార్చుకోవడానికి దాచింది.

"ఈ డబ్బు రావాలంటే మీరు ఎన్ని సెట్లు చేయాలి?" బయటికి వచ్చాక మా ఆవిడ అడిగింది.

"చాలా."

"ఎన్ని?"

"ఊళ్లోవాళ్లకి ఉన్నట్టుండి పళ్లన్నీ రాలిపోవాలి."

ఆమె నవ్వలేదు. బుట్టలో పిల్లి కూడా కదల్లేదు.

మర్నాడు, నాకు ఎక్కువ పని ఇచ్చే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాను. మనిషి మంచివాడు. విషయం చెప్పి, ఒక పూట వీలు చూసుకుని పిల్లి పళ్లు తీసిపెట్టమని అడిగాను.

"కరుస్తుందా?" అన్నాడు.

"కరుస్తుందండీ. మీ పేషెంట్లూ కరుస్తారుగా."

"వాళ్లు కరిస్తే బిల్లులో వేస్తాను," అని నవ్వి, తర్వాత నిజం చెప్పాడు. "పిల్లికి మత్తు ఇవ్వడం నాకు రాదయ్యా. నా చేతిలో అది పోతే నీ మొహం ఎలా చూడను?"

తిరిగి డాక్టరమ్మ దగ్గరికే వెళ్లి, దారంతా నెమరువేసుకున్న మాట అప్పజెప్పాను. సగం ఇప్పుడిస్తాను, మిగతా సగానికి మీ ఇంట్లో ఎవరికైనా పళ్లసెట్టు చేసిపెడతాను. అంతటితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "నా సెట్టు పెట్టుకున్నవాళ్లు వద్దన్న చరిత్ర లేదండీ," అని కూడా అన్నాను. నా సెట్లు పెట్టుకున్నవాళ్లను నేను చూడను కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మా అమ్మకి పళ్లు లేవు. ఇదివరకు చేయించినవి అలమరలో పడేసింది. మెత్తటివి తప్ప తినదేమోనని నాకు బెంగ. మీ సెట్టు గనక ఆవిడ పెట్టుకుంటే మనకి లెక్క సరి. పెట్టుకోకపోతే మాత్రం మిగతాది నెలనెలా కట్టండి."

"తప్పకుండా," అన్నాను, గెలిచినవాడిలా.

ఆపరేషను రోజు మా ఆవిడ సెలవు పెట్టింది. ఇద్దరం బెంచీ మీద ఖాళీ బుట్టకి చెరోపక్క కూర్చున్నాం. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పి, తీసిన పళ్లు చిన్న డబ్బాలో చూపించింది. బియ్యపు గింజల కన్నా కాస్త పెద్దవి. వాటి వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఇన్నాళ్లూ వీటితో నా ఖరీదైన తిండి కొరికిందా అనుకునేసరికి కళ్లు చెమర్చాయి. కంట్లో ప్లాస్టరు దుమ్ము పడిందన్నాను. అక్కడ ప్లాస్టరు ఎక్కడుందని మా ఆవిడ అడగలేదు. ఆమె నాతో ఉన్నన్నాళ్లలో అంత దయ చూపించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పిల్లి మొదట్లో బల్ల కింద నుంచి రాలేదు. తర్వాత మెత్తటి చేప నాకింది. మూడో వారానికి గట్టి తిండి కూడా నమలకుండా గుటుక్కుమని మింగి, గిన్నె ఖాళీ చేసి, ఇంకేది అన్నట్టు నన్ను చూసింది.

ఈలోగా డాక్టరమ్మ వాళ్ల అమ్మగారి నోటి అచ్చు దంతవైద్యుడు తీసి పంపాడు. ఆ సెట్టు మీద నేను పెట్టిన శ్రద్ధ మా పెళ్లి ఏర్పాట్ల మీద కూడా పెట్టలేదు. రంగు చూశాను, వరస చూశాను, వయసుకి తగ్గట్టు ఒక పన్ను రవ్వంత పక్కకి కూడా జరిపాను. స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ పెద్దావిడ దాన్ని చేతిలో తిప్పి చూసి, "చాలా అందంగా ఉంది బాబూ. దీన్ని నోట్లోనే పెట్టుకోవాలా?" అంది.

పెట్టుకుంది. ఎడమవైపు గుచ్చుతోందంది. అరగదీశాను. వారం తిరిగేసరికి కుడివైపు గుచ్చుతోందంది. అటూ అరగదీశాను. మరుసటి వారం పైన, ఆ పై వారం కింద. వెళ్లినప్పుడల్లా టీ ఇచ్చేది, తన పెళ్లయిన కొత్తలో సంగతులు చెప్పేది. సెట్టు అరిగిపోతోంది గానీ ఆవిడ కథలు తరగడం లేదు.

చివరికొక రోజు ఆకురాయి కింద పెట్టి అడిగాను. "అమ్మా, నిజం చెప్పండి. అసలు గుచ్చుతోందా?"

"లేదు నాయనా," అంది ఏ మొహమాటమూ లేకుండా. "బాగానే ఉంది. నాకు పళ్లు అక్కర్లేదు, అంతే. నా చిగుళ్లు గట్టివి." అంటూ వేయించిన పల్లీలు గుప్పెడు నోట్లో పోసుకుని నా ఎదురుగానే నమిలింది. ఆ చప్పుడు నా గుండెల్లో వినిపించింది. "అమ్మాయికి చెబితే బాధపడుతుందని గుచ్చుతోందన్నాను. పైగా నువ్వొస్తే పొద్దుపోతోంది."

అప్పుడు ఒప్పందం గురించి చెప్పక తప్పలేదు. పిల్లి, సగం డబ్బు, నా గొప్పలు, అన్నీ విని పెద్దావిడ చీరకొంగుతో కళ్లు తుడుచుకునేంత నవ్వింది.

"అంతేనా? అమ్మాయి ఎదుట పెట్టుకుంటాలే. నీ బాకీ తీరిపోతుంది."

వద్దనాలి. మర్యాదస్తుడైతే వద్దనేవాడు. నేను ఇంకో కప్పు టీ అడిగాను.

ఆ ఆదివారం డాక్టరమ్మ నన్నూ మా ఆవిడనీ భోజనానికి పిలిచింది. పెద్దావిడ నిండుగా పళ్లు పెట్టుకుని గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. నేను వినయంగా నేల చూశాను. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. మాంసం వడ్డించారు. పెద్దావిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చిరాగ్గా పైవరసా కిందవరసా రెండూ బయటికి తీసి కంచం పక్కన పెట్టింది.

"తినేటప్పుడు అడ్డం," అని తృప్తిగా నమలడం మొదలుపెట్టింది. ఒప్పందం మాట ఆవిడకి ముద్ద మింగాక గానీ గుర్తురాలేదు. గుర్తొచ్చి నా వంక జాలిగా చూసింది.

"అంటే మీ ఇద్దరూ కలిసి..." అంది డాక్టరమ్మ.

"తప్పు నాదేనండీ," అన్నాను.

ముందు మా ఆవిడ నవ్వింది. పిల్లికి జబ్బు చేసినప్పటి నుంచి ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. తర్వాత డాక్టరమ్మా నవ్వింది. నవ్వి, తల్లి కంచంలోకి కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆ మాంసం ముక్క అప్పటికే అయిపోయింది.

"మెత్తటివే తింటున్నావనుకున్నానే అమ్మా."

"నువ్వు పెట్టేవి మెత్తగా ఉంటే మెత్తటివే తింటాను మరి."

మిగతా డబ్బు నెలనెలా కట్టాం. మా ఆవిడ అదనంగా డ్యూటీలు చేసింది, నేను పాత సాన యంత్రంతోనే సర్దుకున్నాను. డాక్టరమ్మ ఒక్క పైసా తగ్గించలేదు, తొందరా పెట్టలేదు. బాకీ తీరాక కూడా పెద్దావిడ కబురు పంపితే ఆదివారాలు వెళ్తున్నాం. ఆవిడా మా ఆవిడా వంటింట్లో కబుర్లలో పడితే గంటలు తెలియవు. నేను మాత్రం అలవాటుకొద్దీ పనిముట్ల పెట్టె వెంట తీసుకెళ్తాను. ఇంతవరకు దాన్ని తెరవమని ఎవరూ అడగలేదు.